ఆట స్థలానికి సర్వే నంబరు

(విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో లింగాల సభ్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడుకోవలసిన సభలో క్రికెట్టు గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు నవ్వి, "పది నిమిషాలే సుమా" అన్నారు. ఆ పది నిమిషాలలోనే ముగిస్తాను.

నేను లింగాల వాణ్ణి. మా చిన్నతనంలో శనక్కాయల పని అయిపోయాక ఖాళీ అయిన కళ్లమే మాకు పిచ్. వేపకొయ్య చెక్కితే బ్యాటు. గుడ్డపేలికలు చుట్టి, పైన సైకిల్ ట్యూబు రింగులు తొడిగితే బంతి. 1971లో వాడేకర్ జట్టు ఓవల్‌లో ఇంగ్లండును ఓడించినప్పుడు రేడియో చుట్టూ మూగినవాళ్లలో నేనొకణ్ణి. అప్పుడు పట్టిన పిచ్చి ఇప్పటికీ వదలలేదు. కడపలో రాజారెడ్డిగారి పేరిట ఉన్న స్టేడియంలో రంజీ మ్యాచి ఉందంటే చాలు, సద్ది కట్టుకొని తెల్లవారుజామున బస్సెక్కేవాణ్ణి.

మనకు 58 ఏళ్లు నిండగానే పూలదండ వేసి, శాలువ కప్పి ఇంటికి పంపారు. ఆంధ్ర జట్టు 1953-54లో మొట్టమొదటిసారి రంజీ ట్రోఫీ ఆడినప్పుడు దానికి నాయకుడు సి.కె. నాయుడు. అప్పుడాయన వయస్సు 58. ఈ సంగతి గుర్తుకొచ్చినప్పుడల్లా నాకు కొంచెం సిగ్గు, కొంచెం ధైర్యం కలుగుతాయి.

ఇక రాజకీయం. ఆటలో రాజకీయం వద్దని అందరూ అంటారు. నేను అనను. స్థలం ప్రభుత్వానిది, నీళ్లు పంచాయతీవి, నిధులు కావాలంటే ఎమ్మెల్యేగారి సంతకం కావాలి. రాజకీయం రాకుండా ఎట్లా ఉంటుంది? నా ఫిర్యాదల్లా ఒకటే. అది కుర్చీల దాకా వచ్చి ఆగిపోతున్నది. పిల్లలు ఆడే జాగా దాకా రావడం లేదు.

హనుమ విహారి సంగతి మీకందరికీ తెలుసు. సిడ్నీలో 2021లో తొడకండరం పట్టేసినా నిలబడి మ్యాచిని కాపాడినవాడు. 2024 ఫిబ్రవరిలో రంజీ క్వార్టర్ ఫైనల్లో మధ్యప్రదేశ్ చేతిలో మనవాళ్లు 4 పరుగుల తేడాతో ఓడిన తర్వాత ఆయన మనసు విప్పాడు. తాను మందలించిన ఒక ఆటగాడి తండ్రి రాజకీయ నాయకుడు కావడం వల్ల తన చేత కెప్టెన్సీ వదులుకొనేట్లు చేశారని, ఇకపై ఆంధ్రకు ఆడనని చెప్పాడు. ఆ ఆటగాడు ఆ మాటను ఖండించాడు. నిజమేమిటో తేల్చే అధికారం నాకు లేదు. ఒక అభిమానిగా నాకు కలిగిన బాధ మాత్రం నిజం. ప్రభుత్వం మారాక ఆయన తిరిగి వచ్చాడు, 2025లో త్రిపురకు వెళ్లిపోయాడు.

అదే 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారిన కొద్దినెలలకే ఆంధ్ర క్రికెట్ సంఘం పాలకవర్గం రాజీనామా చేసింది. విజయవాడ ఎంపీ కేశినేని శివనాథ్ అధ్యక్షులయ్యారు. అంతకుముందు ఆ సంఘాన్ని నడిపిన గోకరాజు గంగరాజు కూడా ఎంపీగా ఉన్నవారే. ఏ పార్టీనీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఊళ్లో జెండా మారితే అధ్యక్షుడు మారడం మనకు అలవాటైపోయిందని మాత్రమే మనవి చేస్తున్నాను.

మంత్రులు, ప్రభుత్వోద్యోగులు, 70 ఏళ్లు దాటినవారు క్రికెట్ బోర్డు పదవుల్లో ఉండరాదన్న లోధా కమిటీ సిఫార్సులను 2016లో సుప్రీంకోర్టు ఆమోదించింది. నేను అప్పటికి రిటైరయ్యాను, 70 ఇంకా రాలేదు. అంటే నాలుగేళ్లపాటు నాకు పూర్తి అర్హత ఉండింది. ఎవరూ పిలవలేదు!

పరిహాసం అటుంచండి. 2025 నవంబరు 2న మన మహిళలు ప్రపంచ కప్ గెలిచారు. ఆ టోర్నమెంటులో 14 వికెట్లు తీసిన శ్రీచరణి మన కడప జిల్లా బిడ్డ. ప్రభుత్వం ఆమెకు రూ.2.5 కోట్లు, గ్రూప్-1 ఉద్యోగం, కడపలో ఇంటిస్థలం ప్రకటించింది. సంతోషం. అయితే గెలిచాక ఇంటిస్థలం ఇచ్చే మనం, గెలవక ముందు ఆట స్థలం ఇవ్వాలా వద్దా? పక్కన అనంతపురం చూడండి. విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్.డి.టి. సంస్థ అక్కడ క్రీడా గ్రామం కట్టింది. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచులు అక్కడ జరిగాయి. ముందు జాగా, తర్వాతే పెద్ద మ్యాచులు.

ఇప్పుడు నేను ఇక్కడికి వచ్చిన అసలు విషయం చెబుతాను. ఇంతసేపు నాయకులను అన్నాను. నన్ను నేను అనుకోవడం మిగిలింది.

1980లలో నేను యు.డి.సి.గా ఉన్న ఒక కార్యాలయానికి ఒక ఫైలు వచ్చింది. ఊరిపక్కనున్న ఎకరా ఇరవై సెంట్ల జాగాలో ఏదో భవనం కట్టడానికి అనుమతి కోరారు. రికార్డులో అది పోరంబోకు. సాయంత్రమైతే అక్కడ ముప్పై నలభైమంది పిల్లలు ఆడేవారు. ఆదివారాలు నేనే అక్కడ అంపైరును. నోట్ ఫైలులో నేను ఏమి రాశానో తెలుసా? "సదరు భూమి ఖాళీగా ఉన్నది. అభ్యంతరము లేదు." అంతే. నా మీద ఎవరూ ఒత్తిడి తేలేదు. ఏ నాయకుడూ ఫోను చేయలేదు. రికార్డులో ఉన్నది రాశాను, కంటితో చూసింది రాయలేదు. "పిల్లలు ఆటస్థలముగా వాడుచున్నారు" అని ఒక్క వాక్యం చేరిస్తే పైఅధికారి ఆపేవారో, ఆపకపోయేవారో చెప్పలేను. ఆ వాక్యం లేనందున ఆయనకు ఆలోచించే అవకాశమే లేకపోయింది. మరుసటి ఆదివారం ఒక పిల్లవాడు, "సార్, ఈడ గుంతలు తవ్వుతాండారు, మనం యాడ ఆడాల?" అని నన్నే అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. ఇన్నేళ్లయినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

మిత్రులారా, అధ్యక్షులు మారతారు, స్టేడియం పేర్లు మారతాయి. కాగితం మీదికి ఎక్కిన ఆట స్థలాన్ని తీసేయాలంటే మాత్రం ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఆ కాగితం పని మనకంటే బాగా ఎవరికి తెలుసు? మీ ఊళ్లో పిల్లలు ఆడే చోటు ఏ సర్వే నంబరులో ఉన్నదో, అడంగల్‌లో ఏమని రాసి ఉన్నదో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆట స్థలమని లేకపోతే గ్రామసభలో తీర్మానం పెట్టించండి. అర్జీ మీరే రాసిపెట్టండి. సర్పంచి ఏ పార్టీ అయినా సరే, పిల్లల చేత అడిగించండి.

మా లింగాల పేరున నేను రాసిన దరఖాస్తు ఇదిగో, నా జేబులో ఉంది. సోమవారం ఇచ్చి రసీదు తీసుకుంటాను. రసీదు లేకుండా మాత్రం కదలను. ఆ మాత్రం ఉద్యోగం నేర్పింది.