నాలుగు తంతుల మీద తెలుగు పాట
(ఫిజీలో ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మా ఉకులేలే బృందం పిల్లలు పాడిన పాటలు ఇప్పుడే మీరు విన్నారు. చప్పట్లతో ఆశీర్వదించారు. అందుకు కృతజ్ఞతలు. అయితే కొందరు పెద్దల మనసులో ఒక ప్రశ్న ఉన్నదని మాకు తెలుసు. హార్మోనియం, డోలకు, తాళాలు ఉండగా, యంగోన గిన్నె చుట్టూ కూర్చుని వాయించే ఈ వాయిద్యం తెలుగు పాటకు ఎందుకు? ఈ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబుగానే ఈ నాలుగు మాటలు.

ముందుగా దాని పుట్టుక. 1879 మే 14న లియోనిదాస్ ఓడ మొదటి గిర్మిటు కూలీలను ఫిజీకి తెచ్చిందని మన పిల్లలందరూ చదువుకున్నారు. అదే సంవత్సరం ఆగస్టు 23న రేవెన్స్‌క్రాగ్ అనే మరొక ఓడ హవాయి దీవులలోని హోనొలులు రేవుకు చేరింది. అందులో పోర్చుగీసు వారి మదీరా దీవి నుండి వచ్చిన నాలుగు వందల మందికి పైగా ఉన్నారు. వారు కూడా ఒప్పందం మీద చెరకు తోటల పనికి వచ్చినవారే. వారు వెంట తెచ్చుకున్న చిన్న తంతి వాయిద్యం నుండే ఉకులేలే పుట్టింది. ఆ ఓడలోనే వచ్చిన నూనెస్, దియాస్, ఎస్పిరితు శాంతు అనే ముగ్గురు కొయ్యపని వారు దానిని తయారు చేసి అమ్మారు. కలాకవా రాజు దానిని ఆదరించాడు. తరువాత అది పసిఫిక్ దీవులన్నిటికీ పాకి, ఫిజీ పల్లెలలో స్థిరపడింది. కనుక ఇది కూడా చెరకు కూలీల ఓడలో వచ్చిన వాయిద్యమే. మనకు చుట్టమే గాని పరాయిది కాదు. మనం మనదనుకునే హార్మోనియం కూడా ఐరోపా నుండి వచ్చినదే గదా!

రెండవది, దాని వీలు. నాలుగు నైలాను తంతులు. మూడు పట్లు వస్తే చాలు, పిల్లవాడు ఒక పాటకు వాయించగలడు. చిన్న చేతికి సరిపోతుంది, బస్సులో ఒడిలో పెట్టుకుని తీసుకుపోవచ్చును. లోపం కూడా చెప్పాలి. తంతి పొట్టిది, నాదం తొందరగా ఆగిపోతుంది. గమకాలు నిలవవు. అందుచేత మేము కీర్తనలు దీని మీద పెట్టము. జోలపాటకు, కోలాటానికి, నాట్ల పాటకు మాత్రం చక్కగా కుదురుతుంది. శ్రుతి చేయడం మా పిల్లలకు నేర్పినవారు మన ఇతౌకేయి పొరుగువారు. వారికి వినాకా అని ఈ సభాముఖంగా చెబుతున్నాము.

మూడవది ముఖ్యమైనది. మన ఇండ్లలో హిందీ, బడిలో ఇంగ్లీషు. తెలుగు వారానికి ఒక సాయంకాలం. తరగతిలో చదివిన పాఠం మరుసటి వారానికి సగం పోతుంది. నలుగురి ముందు పాడవలసిన పాట మాత్రం పోదు. అందుకే మార్కెట్టు ముందు, వృద్ధుల ఆశ్రమంలో, గిర్మిటు దినం నాడు మా పిల్లలను నిలబెడుతున్నాము. మా నియమం ఒక్కటే. పాటకు ముందు దాని అర్థమేమిటో, ఎవరు నేర్పారో పిల్లలే తెలుగులో రెండు మాటలు చెప్పాలి.

ఒకసారి వృద్ధుల ఆశ్రమంలో జోలపాట పాడుతుంటే ఒక అవ్వ మా పిల్లలను ఆపి ఉచ్చారణ దిద్దింది. మా పుస్తకంలో లేని రెండు చరణాలు తానే పాడింది. ఇంకా ఉన్నాయా అవ్వా అని అడిగితే, "ఉన్నాయి బిడ్డా. అవి మా అమ్మకు వచ్చు, నాకు రావు" అన్నది.

సభ్యులారా, 1903 నుండి మద్రాసు రేవు మీదుగా వచ్చిన మన తాతలు, అవ్వలు తెచ్చిన పాటలు చాలావరకు కాగితం ఎక్కలేదు. మేము మూడవ తరం వాళ్ళము. మాకు సగం పాటలే వచ్చును. నాలుగవ తరానికి పల్లవి ఒక్కటే మిగులుతుందేమో! అందుచేత మేము చందా అడగడం లేదు. ఒక్కొక్క కుటుంబం ఒక్కొక్క పాట ఇవ్వండి. ఇంట్లో పెద్దలుంటే వారి దగ్గరకు మా పిల్లలను పిలవండి. వ్రాసుకుంటారు, నేర్చుకుంటారు, వచ్చే ఉగాదికి మీ ఇంటి పేరు చెప్పి ఇదే వేదిక మీద పాడతారు.

ఏ వాయిద్యం మీద అన్నది తరువాతి మాట. పాట ముందు మన పిల్లల నోటికి రావాలి.