గుట్టమీద ఒక మండలం

యాత్రకు పోవడం వేరు, యాత్రాస్థలంలో కాపురం పెట్టడం వేరు. మొదటిదానిని గురించి మనకు కావలసినంత సాహిత్యమున్నది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణంలో బయలుదేరి, హైదరాబాదు మీదుగా కాశీకి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరారు. దారిపొడుగునా ఏ మజిలీలో నీళ్ళవసతి ఎట్లా ఉన్నదో, ఏ ఊరి అంగళ్ళలో ఏమి దొరుకుతుందో ఓపికగా వ్రాసిపెట్టారు. కాని ఆయన పుస్తకమంతా కదలికే. వెంట పెద్ద పరివారం కూడా ఉన్నది. ఒకేచోట, ఒంటరిగా, నెలకు పైబడి కూర్చొనవలసి వస్తే ఆయన కలం ఏమి వ్రాసి ఉండేదో మనకు తెలియదు.

అటువంటి నివాసమే నాకు ఒకసారి తటస్థించినది. స్థలం యాదగిరిగుట్ట. అప్పటికి అది నల్లగొండ జిల్లాలోనే ఉండేది. 2016లో జిల్లాలను విభజించినప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. ఋష్యశృంగుని కుమారుడైన యాదమహర్షి తపస్సు, ఆంజనేయుని సహాయం, గుహలో స్వామి జ్వాలా, గండభేరుండ, యోగానంద, ఉగ్ర, లక్ష్మీనృసింహ రూపాలతో వెలయడం - ఈ స్థలపురాణం శ్రోతలకు తెలిసినదే. పల్లెజనం మాత్రం ఆ దేవుణ్ణి పురాణపురుషుడుగా కంటె వైద్యుడుగా ఎక్కువ ఎరుగుదురు. మందులకు లొంగని రోగమున్నవారు ఒక మండలం, అనగా 40 దినాలు, గుట్టమీద ఉండి రెండుపూటలా ప్రదక్షిణలు చేస్తే, స్వామి కలలో కనిపించి చికిత్స చేస్తాడని నమ్మకం. కొందరికి తీర్థమిస్తాడట, కొందరికి కత్తి పట్టి శస్త్రమే చేస్తాడట.

మా అమ్మకు పక్షవాతం వచ్చి కుడిభాగం పడిపోయినది. మండలం మొక్కుకొన్నది ఆమె; నడువలేనిది కూడా ఆమెయే. కనుక ఆమె బదులు నేను పోయినాను. 2013 మే నెల మొదటివారంలో, సెలవు పెట్టి, ఒక చాప, రెండు ధోవతులు, ఒక పుస్తకం తీసికొని గుట్ట ఎక్కినాను.

మొదటి వారం ఎంత హాయిగా గడిచినదో చెప్పడానికి మాటలు వెదకుకొనవలసిన పని లేదు. తెల్లవారకముందే విష్ణుపుష్కరిణిలో స్నానం. తడిబట్టలతో ప్రదక్షిణం. కాలికింద రాయి చల్లగా ఉండేది. రాత్రి వరండాలో పడుకొంటే, కింద మైదానంలో రాయగిరి స్టేషను దాటిపోయే రైలుకూత వినిపించేది. ఉద్యోగం, టెలిఫోను, గడియారపు ముల్లు, ఎర్రదీపం - రేడియోవానికి ఇవి లేని జీవితం ఒకటి ఉన్నదన్న సంగతే మరపున పడి ఉండినది.

ఎనిమిదో దినమో, తొమ్మిదో దినమో, మార్పు ఆరంభమైనది. మనది ఉష్ణమండలమని భూగోళంలో చదివి మరచిపోతాము. మే నెల రెండవ వారంలో గుట్టమీద ఆ మాటకు అర్థం తెలుస్తుంది. ఆ రోజులలో మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తిమీద నిలుస్తాడు. నిలువుగా పాతిన కర్రకు నీడ ఉండదు. పగలంతా తాగిన ఎండను రాతిబండ రాత్రి మెల్లమెల్లగా కక్కుతుంది. నిద్ర పట్టదు. నిద్ర పట్టనివానికి కల ఎక్కడిది?

ఎండ ఒక్కటే అయితే ఎట్లాగో సరిపెట్టుకొనవచ్చును. అంతకు మించినది మరొకటి. యాత్రాస్థలం పొద్దున వచ్చి సాయంత్రం పోయేవానికోసం ఏర్పడినది. అక్కడి కేక, పాట, బేరం, చిరునవ్వు, విసుగు - అన్నీ అతనికే. అతను ఒక్కసారి వింటాడు కాబట్టి అంగడివాడు ప్రతిదినం అదే మాట అనవచ్చును. నేను నలభైసార్లు వినవలసినవాణ్ణి. టెంకాయల అంగడిముందు నిలిచిన కుటుంబంతో ఏ వాక్యం తరువాత ఏ వాక్యం వస్తుందో, ఎంత చెప్పి ఎంతకు దిగుతారో, పదో దినానికి నాకు కంఠపాఠమైనది. చెట్టుమీది కోతికి కూడా ఏ సంచిలో అరటిపండ్లున్నవో నాకంటె ముందు తెలిసేది కాని, నా సంచివంక అది చూడడం మానివేసినది. నేను అక్కడ యాత్రికుణ్ణీ కాను, ఊరివాణ్ణీ కాను. నేను దిగిన సత్రంలో మూడు దినాలకు మించి ఎవరినీ ఉండనిచ్చే నియమం లేదు. అందుచేత గుమాస్తా మూడు దినాలకొకసారి నన్ను పుస్తకంలో ఖాళీ చేయించి, అదే నిమిషంలో కొత్తగా దించుకొనేవాడు. ఊరు, పేరు, వచ్చిన పని - మళ్ళీ మొదటినుండి. ఒక నెలలో నేను పదిసార్లు యాదగిరిగుట్టకు వచ్చినట్లు ఆ పుస్తకం ఇప్పటికీ సాక్ష్యం చెపుతుంది.

ఈ విసుగు భక్తిలేమివల్ల పుట్టినదని ఎవరైనా అంటారేమో. భక్తితో నిమిత్తం లేనిచోట కూడా ఇది పుట్టినది. పోలండు దేశీయుడైన మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రజ్ఞుడు మొదటి ప్రపంచయుద్ధకాలంలో, 1915 మొదలు 1918 వరకు రెండు విడతలుగా, న్యూగినీ ప్రక్కనున్న ట్రోబ్రియాండు దీవులలో గుడారం వేసికొని నివసించాడు. ఆ దీవులవారిని గురించి 1922లో ఆయన ప్రకటించిన గ్రంథం ఆ శాస్త్రానికే మార్గదర్శకమైనది. పరజాతిని అర్థం చేసికొనడానికి వారి నడుమ నివసించడమే మార్గమని లోకమంతా ఆయన దగ్గర నేర్చుకొన్నది. ఆయన 1942లో గతించాడు. 1967లో ఆయన దినచర్య అచ్చుపడినది. చూస్తే ఏమున్నది? ఉక్క, నీరసం, దేహంలో లేని రోగాల భయం, పని మాని నవలలు చదవడం, దూరాన ఉన్న ప్రియురాలిమీద బెంగ, ఆ దీవులవారిమీద చిరాకు, కొన్నిచోట్ల అసహ్యం. శిష్యులు కొందరు సిగ్గుపడినారు. నాకు మాత్రం ఆ పుస్తకం మలినోవ్‌స్కీమీద గౌరవం పెంచినది. అంత విసుగులోను తెల్లవారగానే లేచి ఎవరి తోటలో ఎన్ని దుంపలు పండినవో లెక్క వ్రాసుకొన్నవాడు సామాన్యుడు కాడు. ఆయనకు ముందే, 1891లో, స్వర్గమనుకొని తాహితి దీవిలో దిగిన చిత్రకారుడు గోగాఁకు రేవుపట్టణంలో కనిపించినది మరొక ఫ్రెంచి ఊరు.

తెల్లదొరల వైద్యులు దీనికొక పేరుకూడా పెట్టినారు - ఉష్ణమండలపు నరాల బలహీనత అని. సూర్యరశ్మి మెదడును దెబ్బతీస్తున్నదని చెప్పి ఉద్యోగులను సీమకు పంపేవారు. ఆ రోగనిర్ణయం తరువాతి కాలంలో నిలువలేదు. ఒంటరితనం చేసిన పనికి సూర్యునిమీద నేరం మోపినారు.

గుట్టమీద ఆశాభంగానికి ఒక ప్రత్యేకమైన రూపమున్నది. వరండాలో మాతోపాటు మండలం పట్టినవారు పదిపన్నెండుమంది ఉండేవారు. తెల్లవారగానే ఒకరినొకరు అడిగే ప్రశ్న ఒకటే. "కల వడ్డదా సారూ?" కల పడ్డవాని ముఖం చూస్తే తెలిసేది. పడనివాడు చాప చుట్టుకొని మౌనంగా పుష్కరిణివైపు నడిచేవాడు. పదిహేనో దినం దాటిన తరువాత నన్ను అడగడం కూడా మానివేశారు. ఆ దయ ప్రశ్నకంటె ఎక్కువ బాధించినది.

నా చాపకు ప్రక్కన దేవరకొండ వైపు రైతు ఒకాయన ఉండేవాడు. మధుమేహం; కుడిపాదాన పుండు. ఆయనకు పదకొండో రాత్రే కల వచ్చినది. స్వామి దగ్గర కూర్చొని పాదానికి కట్టు కట్టినాడట. ఆనాటినుండి ఆయన గోలీలు మింగడం మాని, వాటిని గుడ్డలో మూటగట్టి చాపకింద పెట్టినాడు. "నొప్పి లేనే లేదు సారూ, స్వామి తీసిండు" అనేవాడు. నాకు గుండె జల్లుమన్నది. ఎందుకంటే, వైద్యుల ప్రసంగాలు ఎన్నిటినో దగ్గర కూర్చొని రికార్డు చేయించినవాణ్ణి. మధుమేహం ముదిరితే పాదాలలోని నరాలు చచ్చి స్పర్శ పోతుంది. నొప్పి లేకపోవడం అక్కడ ఆరోగ్యలక్షణం కాదు, రోగలక్షణం. ముల్లు దిగినా తెలియదు, పుండు ఎముకదాకా పోయినా తెలియదు. ఈ మాట రెండు మూడు విధాల చెప్పి చూచినాను. ఆయన వినయంగానే వినేవాడు. చివరకు, "నీకు కల వడలె గద సారూ, నీకెట్ల ఎరుకైతది?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇరవై ఒకటో దినం, వైశాఖ శుద్ధ చతుర్దశి, నృసింహజయంతి. కాలు పెట్ట చోటు లేనంత జనం. నా మనస్సులో ఉన్నది ఒకటే - ఈ సాయంత్రం దిగిపోదామని. చాప చుట్టి కట్టినాను కూడా. ఆ సందడిలోనే వృద్ధుడైన అర్చకులొకరు ఆ రైతు ప్రక్కగా పోతూ ముక్కు మూసికొని ఆగినారు. పుండు వాసన. కల సంగతి అంతా విన్నారు. కలను కాదనలేదు, తలపంకించారు. "మంచిది. కట్టు గట్టిండు. గోలీలు బంద్ చేయమని చెప్పిండా?" అని అడిగినారు. రైతు చాలాసేపు ఆలోచించినాడు. స్వామి అట్లా చెప్పినట్లు ఆయనకు జ్ఞాపకం రాలేదు. మరునాడు కొడుకును పిలిపించుకొని భువనగిరి ఆసుపత్రికి పోయినాడు. రెండు వేళ్ళు తీసివేశారనీ, పాదం దక్కిందనీ తరువాత తెలిసినది. సాయంత్రానికి ఆ చోట మరొకరు చాప పరచుకొన్నారు.

నేను చాప విప్పినాను. ఎందుకు ఉండిపోయినానో సరిగా చెప్పలేను. ఆ అర్చకులు ఏండ్ల తరబడి అవే మాటలు, అదే ఎండ, అదే రద్దీ భరిస్తూ కూడా ఎదుటివాని ముఖంలోకి చూడగలగడం ఒక కారణం కావచ్చును. ఆ తరువాత కలకోసం ఎదురుచూడలేదు. విచిత్రమేమంటే, నిద్ర పట్టినది. అంతవరకు నేను గమనించనివారు కంటబడ్డారు. తెల్లవారుజామున మూడు గంటలకే కిందినుండి వచ్చి మెట్లు ఊడ్చే ఆడవారు అందులో మొదటివారు. వారు కల మాట ఎన్నడూ ఎత్తలేదు. "ఇంకెన్నొద్దులు సారూ?" అని మాత్రం అడిగి, నేను చెప్పిన లెక్క విని నవ్వేవారు. విసుగు పోయినదని చెప్పను. అది ఎండవలెనే ఉన్నది. దానిని పట్టించుకొనకుండా ప్రదక్షిణలు లెక్కపెట్టుకొన్నాను.

ఆ వరండాలు ఇప్పుడు లేవు. 2016లో పునర్నిర్మాణం మొదలుపెట్టి, స్వామి దర్శనాన్ని బాలాలయానికి మార్చి, గుట్టరూపమే మార్చివేశారు. నల్లరాతి ఆలయం లేచినది. 2022 మార్చి 28న మహాకుంభసంప్రోక్షణ జరిగి భక్తులకు మళ్ళీ గర్భాలయ దర్శనం లభించినది. కొంతకాలం యాదాద్రి అని పిలిచి, 2024లో మళ్ళీ యాదగిరిగుట్ట అన్న పాతపేరే నిలుపుతున్నామన్నారు. జనం నోట ఆ పేరు ఎన్నడు పోయినది గనుక!

మండలం ముగిసి ఇల్లు చేరిననాడు అమ్మ మంచంమీదినుండే అడిగినది, "కల వచ్చిందా?" అని. రాలేదన్నాను. ఆమె కొంతసేపు కప్పువంక చూచినది. తరువాత, "నీళ్ళు బాగా దొరికినవా అక్కడ? అన్నం ఎక్కడ తిన్నావు?" అని అడిగినది. మరుసటి యేడు వ్యాయామచికిత్సతో ఆమె కుడిచేయి కొంత స్వాధీనమైనది. దానికి ఆమె ఎవరిని కారణంగా తలచుకొన్నదో నేను అడుగలేదు.