విశాఖ కార్తె నాటి ఆకాశము

దసరా ముగిసి, నైరృతి ఋతుపవనము వెనుదిరిగిన పిమ్మట నావంటివారి కొక విధమైన నిరీక్షణ ప్రారంభమగును. ఆకాశమును గమనించుట వ్యసనముగా గలవారము మేము. బంగాళాఖాతము వంకనే మా చూపు నిలిచియుండును. అండమాను దీవుల దాపున అల్పపీడన మేర్పడినదన్న వార్త చెవిని బడినంతనే మాకు నిద్ర పట్టదు. ఈ యుత్సాహమును చూచి, చేను కోతకు వచ్చిన రైతు "తమకేమి బాబూ, వేడుక, మునుగునది మా పంట" అన్నచో ఆ మాటలో అన్యాయ మేమియు లేదు. అయినను ఆ వేడుకలో ఆయనకు పనికివచ్చు భాగ మొకటి కలదు. దానినే ఈ సాయంకాలము పెద్దలకు విన్నవించెదను.

విశాఖ కార్తె విసరకుండిన పంట దక్కునని మన పూర్వులు చెప్పుకొనుట మీ రెఱుగుదురు. వారి లెక్క గట్టిది. 1864 నవంబరు 1వ తేదీన బందరును ముంచిన ఉప్పెన స్వాతిలో వచ్చెను. సుమారు 30,000 మంది మరణించిరి. 1996 నవంబరు 6న కోనసీమను కూల్చిన తుపాను స్వాతి విశాఖల సంధిలో వచ్చెను. 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు పదివేల ప్రాణములను గొన్న ఉప్పెన విశాఖ ముగియు దినములలో వచ్చెను.

ఈ కార్తెలకే ఈ యుపద్రవ మేల? సముద్రము వెచ్చగా నుండుట యొక కారణము. కాని సముద్రము శ్రావణమునను వెచ్చనిదే. ఆ దినములలో క్రింద పడమటి గాలియు, మిక్కిలి యెత్తున తూర్పు గాలియు బలముగా వీచుచుండును. క్రింది యంతస్తు నొకవైపునకును, పై యంతస్తు నింకొకవైపునకును లాగినచో మేడ నిలుచునా? తుపాను మేడయు నట్లే. ఆశ్వయుజ కార్తికములలో ఈ యీడ్పు తగ్గును. అప్పుడు సుడి నిటారుగా లేచి నిలువగలదు. గాలి వేగము గంటకు 62 కిలోమీటర్లు చేరిన పిమ్మట దానికి తుపాను అను పేరు వచ్చును. అంతకు ముందు అది వాయుగుండమే.

నా బల్లపై నున్న బారోమీటరు, అనగా వాయుభారమును కొలుచు పరికరము, ఈ దినములలో నాకు పంచాంగము వంటిది. మన దేశమున వాయుభారము ప్రతిదినము రెండుమార్లు పెరిగి రెండుమార్లు తగ్గుచుండును. ఉదయము పది గంటల ప్రాంతమున హెచ్చు, సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమున తగ్గు, రాత్రియు నట్లే. క్రొత్తగా పరికరము కొన్నవాడు సాయంకాలపు తగ్గును చూచి తుపాను వచ్చెనని కేకలు వేయును. చూడవలసినది అది కాదు. ఉదయము పది గంటలకు రావలసిన హెచ్చు రాకుండినచో, అప్పుడు జాగ్రత్త పడవలెను. సముద్రతీరము వారికి పరికరముతో పనిలేదు. గాలి యింకను లేకుండగనే, దూరదూరముగా, నెమ్మదిగా, బరువైన అలలు వచ్చి తీరమును కొట్టుచుండును. ఎక్కడనో సముద్రముపై పుట్టిన గాలి పంపిన ముందు కబురు అది.

గాలి ముదిరిన పిమ్మట చేయదగిన పరీక్ష యొకటి యున్నది. 1857లో బైస్ బాలట్ అను డచ్చి పండితుడు చెప్పిన సూత్ర మిది. గాలికి వీపు నొగ్గి నిలిచి ఎడమ చేయి ప్రక్కకు చాపుడు. ఇంచుమించుగా ఆ దిక్కుననే తుపాను కేంద్రముండును. తూర్పు నుండి వచ్చు తుపానునకు ముందు మనకు ఉత్తరపు గాలియో ఈశాన్యపు గాలియో తగులును. అది క్రమముగా తూర్పునకు తిరిగినచో, కేంద్రము మనకు దక్షిణముగా పోవుచున్నదని అర్థము. ఇది చెడ్డ వైపు, ఏలయన గాలి సముద్రమును మన మీదికి త్రోయును. ఉప్పెన వచ్చుట ఇటే. గాలి వాయవ్యమునకు, పిమ్మట పడమటికి తిరిగినచో కేంద్రము మనకు ఉత్తరముగా పోవుచున్నది. వాన దెబ్బ తప్పకున్నను నీరు వెనుకకే పోవును. దిక్కు మారక వేగమే హెచ్చుచు, తటాలున గాలి నిలిచి ఆకాశము తేటపడినచో, తుపాను కన్ను నెత్తిమీదికి వచ్చినదని ఎఱుగవలెను. గండము గడచెనని గొడ్లను విప్పుటకు బయటికి పోరాదు. కొంతసేపటికి ఎదురు దిక్కు నుండి అంత గాలియు మరల వచ్చును.

ఇవి పక్కా యింట నుండి చేయదగిన పరీక్షలు. ఊరు విడువుడని ఉత్తర్వు వచ్చిన పిమ్మట చేయదగినవి కావు. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారమువద్ద తీరము దాటిన తుపాను 1977 నాటి దానికి తీసిపోవునది కాదు. ఆరు లక్షలకు పైగా జనమును ముందుగానే తరలించినందున మృతుల సంఖ్య వేయికి లోపుననే నిలిచినది.

ఇక పంట సంగతి. బందరు, విశాఖపట్టణములలోని రాడారులును, ఉపగ్రహములును రెండు మూడు దినముల వ్యవధి నిచ్చుచున్నవి. కోయని వరిని కోయక నిలుపుట, కోసిన పనలను కుప్ప వేయుట, ఈ రెంటికి ఆ వ్యవధి చాలును. నడుమ చిక్కిన పనలు తడిసినచో లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లిన గింజ మొలకెత్తుట తగ్గును.

తుపాను పోయిన పిమ్మట నాకు రెండవ నిరీక్షణ. మబ్బు నేలకు దుప్పటి వంటిది. అది యున్నంతవరకు చలి రాదు. మబ్బు విడిపోయి, ఉత్తరపు పొడిగాలి దిగి, రాత్రి ఆకాశము నిర్మలమైనచో నేలలోని వేడి యంతయు పైకి పోవును. ఆదిలాబాదు పల్లెలలోను, వేయి మీటర్ల యెత్తున నున్న లంబసింగిలోను నెగళ్లు వెలుగుట అప్పుడే. చల్లని గాలి బరువైనది, నీటివలె పల్లమునకు పారును. అందుచేత మెఱక చేని కంటె లోయలోని చేనికి చలి హెచ్చు. అట్టి వేకువను వంటయిండ్ల పొగను చూడుడు. పైన వెచ్చని గాలి మూతవలె నుండుటచే అది మీది కెగయక, ఊరిమీద చాపవలె పరచుకొనును. అట్టి పొగ వరుసగా రెండు మూడు దినములు కనబడిన, కుప్ప విప్పి నూర్చుకొనుటకు వెఱపు లేదని నా తలంపు. అయినను బారోమీటరును మాత్రము నేను బల్లపై నుండి తీయను. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటినది డిసెంబరు 5వ తేదీన.