చిన్న కాలేజీ గెలిచాక ఏమవుతుంది?

అర్ధవీడు నుంచి మళ్లీ మీ ముందుకొచ్చేశా. పోయిన వీడియో కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, క్రికెట్, కబడ్డీ వదిలేసి ఈ అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ పిచ్చేంది నీకు?" అని. ఈరోజు దానికే సమాధానం చెప్తా.

ముందు ఆట ఎట్టా నడుస్తదో చూద్దాం. ప్రతి మార్చిలో ఎన్‌సీఏఏ టోర్నమెంట్ జరుగుతుంది. మొత్తం 68 కాలేజీలు. ఓడితే ఇంటికే, రెండో ఛాన్స్ లేదు. జట్లను నాలుగు గుంపులు చేసి, ఒక్కో గుంపులో 1 నుంచి 16 దాకా నంబర్లిస్తారు. వాటిని సీడ్ అంటారు. 1 అంటే గుంపులో అందరికంటే బలమైన టీమ్. 16 అంటే, పాపం, ఏదో వచ్చారులే అనుకునే టీమ్. మొదటి రౌండ్‌లోనే 1తో 16 ఆడాలి. 16 గెలిస్తే దాన్ని మించిన అప్‌సెట్ లేదు.

ఆడపిల్లలు ఈ పని 1998లోనే చేసేశారు. 16వ సీడ్ హార్వర్డ్, 1వ సీడ్ స్టాన్‌ఫర్డ్‌ని 71-67తో ఓడించింది. మగపిల్లల టోర్నీలో మాత్రం 1985 నుంచి 2017 దాకా 132 మ్యాచులు జరిగితే, 16 ఒక్కటంటే ఒక్కటి గెలవలేదు.

ఇక 2018 మార్చి 17కి రండి. మనకు ఉగాది ముందురోజు, శనివారం ఉదయం. అక్కడింకా శుక్రవారం రాత్రే. ఒకవైపు వర్జీనియా, మొత్తం టోర్నీకే నంబర్ వన్. అప్పటికి 31 గెలిచి రెండే ఓడింది. ఇంకోవైపు యూఎంబీసీ. బాల్టిమోర్ పక్కన ఉంటుంది, మన తెలుగు పిల్లలు ఎంఎస్‌కి వెళ్లే యూనివర్సిటీల్లో ఒకటి. చెస్‌కి పేరున్న కాలేజీ, బాస్కెట్‌బాల్‌కి కాదు. అదే సీజన్‌లో ఆల్బనీ చేతిలో 44 పాయింట్ల తేడాతో ఓడిన టీమ్ అది!

హాఫ్ టైమ్‌కి 21-21. నేను "సరేలే, ఇంకాసేపట్లో నలిపేస్తారు" అనుకున్నా. ఎక్కడ? సెకండాఫ్ మొదలవగానే వరసబెట్టి త్రీ పాయింటర్లు. ఫోన్ చేతిలో పట్టుకుని మంచం మీద లేచి నిలబడ్డా. చివరికి 74-54. ఏదో ఆఖరి సెకనులో తగిలిన దెబ్బ కాదిది, 20 పాయింట్లు!

అదృష్టం అంటారా? కొంత ఉంది. కానీ లెక్క చూడండి. యూఎంబీసీ 24 త్రీలు వేసి 12 కొట్టింది. వర్జీనియా 22 వేసి 4 కొట్టింది. పైగా వర్జీనియాది నిదానంగా ఆడే స్టైల్. నిదానంగా ఆడితే మ్యాచ్‌లో బంతి చేతికొచ్చే సార్లు తగ్గుతాయి. అవి తగ్గేకొద్దీ పెద్ద టీమ్‌కి తప్పు దిద్దుకునే టైమ్ ఉండదు. అందుకే ఉండేది 40 నిమిషాలే అయినప్పుడు చిన్నోడికీ ఒక దారి ఉంటది.

2023లో మళ్లీ అదే. ఎఫ్‌డీయూ అని న్యూజెర్సీ కాలేజీ. ఆ డివిజన్ మొత్తంలో అందరికంటే పొట్టి టీమ్. ఎదురుగా పర్డ్యూలో జాక్ ఎడీ, ఏడడుగుల నాలుగంగుళాలు! మనకు తెల్లవారుజామున మ్యాచ్. 63-58తో ఎఫ్‌డీయూ గెలిచింది. ఇంట్లో అందరూ పడుకుని ఉన్నారు కాబట్టి దిండు నోటికి అడ్డం పెట్టుకుని అరిచా.

ఇప్పటిదాకా మీకు యూట్యూబ్ హైలైట్స్‌లో దొరికేదే చెప్పా. అసలు నేను చెప్పాలనుకున్నది ఇప్పుడు వినండి. ఆ రాత్రి తర్వాత ఎవరికి ఏమైంది?

ఓడిన వర్జీనియా తర్వాతి ఏడాది మళ్లీ 1వ సీడ్‌గానే వచ్చింది. మొదటి మ్యాచ్‌లో 16వ సీడ్ గార్డ్‌నర్-వెబ్ మీద ఒక దశలో 14 పాయింట్లు వెనకబడింది. "అయిపోయింది, మళ్లీనా!" అనుకున్నా. తేరుకుని గెలిచి, 2019 కప్పే కొట్టేసింది. పర్డ్యూ కూడా అంతే, 2024లో ఫైనల్ దాకా వెళ్లింది. అదే కోచ్, అదే ఎడీ.

మరి గెలిచిన ఎఫ్‌డీయూ? కొన్ని రోజుల్లోనే కోచ్‌ని వేరే కాలేజీ తీసుకెళ్లింది. 2022లో జెర్సీ సిటీ సెయింట్ పీటర్స్ 15వ సీడ్‌గా వచ్చి, కెంటకీని 85-79తో ఓడించి, ఆఖరి ఎనిమిదిలోకి వెళ్లిన మొదటి 15వ సీడ్ అయింది. సీజన్ అవగానే కోచ్ సీటన్ హాల్‌కి వెళ్లిపోయాడు, ముఖ్యమైన ప్లేయర్లలో చాలామంది తలోదారి. యూఎంబీసీ కోచ్ రయాన్ ఓడమ్ కథ ఇంకా విచిత్రం. 2025లో ఆయన ఏ కాలేజీకి కోచ్ అయ్యాడో తెలుసా? వర్జీనియాకి! ఓడించినాయనే ఇప్పుడు వాళ్ల గురువు.

తప్పు ఎవరిదీ కాదు. 2021 నుంచి ప్లేయర్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న రూలూ పోయింది. పేదింటి పిల్లోడికి డబ్బొస్తుంటే వద్దనడానికి మనమెవరం? కానీ ఫలితం చూడండి. 2025లో ఆఖరి 16 జట్లూ నాలుగు పెద్ద లీగులవే. నాలుగు 1వ సీడ్‌లూ సెమీఫైనల్‌కి చేరాయి. ఆట క్వాలిటీ సూపర్. కానీ నేను ఒక్కసారి కూడా మంచం మీద లేచి నిలబడలేదు.

ఇది మనకు కొత్త కథేం కాదు తమ్ముళ్లూ. మన మండలంలో టెన్త్‌లో ఒక పిల్లో పిల్లోడో మార్కులు కొడితే ఏమవుతది? రెండో రోజుకే కార్పొరేట్ కాలేజీ నుంచి ఫోన్. సీటు ఫ్రీ, హాస్టల్ ఫ్రీ. రెండేళ్ల తర్వాత ర్యాంకొస్తే ఫ్లెక్సీ విజయవాడలో పడతది. పదేళ్లు చదువు చెప్పిన ఊరి బడి పేరు ఆ ఫ్లెక్సీలో ఉండదు. పిల్లలు వెళ్లొద్దని కాదు, వెళ్లాలి. కానీ ఆ బడి మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. పెద్దోడికి ఓడినా వచ్చే ఏడాది ఉంటది. చిన్నోడికి గెలిచినా ఉండదు.

అందుకే నేను ఈ టోర్నీ చూసేది. వచ్చే మార్చిలో కూడా 16వ సీడ్ మ్యాచులే ముందు చూస్తా. 2025 దాకా లెక్క చూస్తే 1వ సీడ్‌లు 158, 16వ సీడ్‌లు 2. ఆ 2 ఎప్పుడు 3 అవుతుందా అని నా ఎదురుచూపు.

మీ ఊరి టోర్నమెంట్‌లో, కబడ్డీ అయినా వాలీబాల్ అయినా, ఎవరూ ఊహించని టీమ్ గెలిచిందా? గెలిచాక ఆ టీమ్ ఏమైంది? అది కూడా కామెంట్‌లో రాయండి. అన్నీ చదువుతా. ఉంటా మరి, బై!