గూడెంలో మన జాగ ఏది? నక్షా ఎవరు గీయాలి?

(ఆదివాసీ యువజన సమావేశంలో మాట్లాడిన ప్రసంగ పాఠం)



నన్ను చదువుల గురించి మాట్లాడమన్నారు. గ్రూప్స్ గురించి, పోలీసు, టీచర్ పోస్టుల గురించి చెప్పేవాళ్లు మనలో చానామంది ఉన్నారు. మన దగ్గర ఎవరూ పేరెత్తని చదువు ఒకటుంది. ఆర్కిటెక్చర్. ఇల్లు, బడి, హాలు ఎట్లుండాలో ఆలోచించి నక్షా గీసే చదువు.

ఇదెందుకు అంటారా? సాయంత్రం ఆరింటికి మన గూడెంలో పద్దెనిమిదేళ్ల పిల్లగాడు ఎక్కడుంటాడు? కల్వర్టు మీద. లేదంటే సిగ్నల్ దొరికే గుట్ట మీద. మరి పద్దెనిమిదేళ్ల ఆడపిల్ల? ఇంట్లోనే. ఆమెకు కల్వర్టు కూడా లేదు.

కమ్యూనిటీ హాలు ఉంది గదా అంటారు. చానా ఊర్లలో ఉంది, దానికి తాళం కూడా ఉంది. లోపల ఎరువు బస్తాలు. రేకుల కప్పు కింద ఏప్రిల్‌లో పది నిమిషాలు కూసోలేం, వానాకాలంలో ఆ చప్పుడుకు పక్కోడి మాట వినపడదు. ఖాళీ జాగ ఎక్కడ దొరికితే అక్కడ, ఊరికి ఎడంగా కట్టిన్రు. పొద్దుగూకినంక ఆడపిల్లను తల్లి అటు పోనియ్యదు. తప్పు సిమెంటుది కాదు. నక్షా గీసినాయన మన ఊరు చూడలేదు, మనల్ని అడగలేదు.

మనకు జాగ చేసుకునుడు తెల్వదా? దండారి రోజులు యాది చేసుకోండి. ఇంకో ఊరి దండారి వస్తే ఎక్కడ ఆడతారు? పటేల్ ఇంటి ముందు వాకిట్లో. అరుగు మీద పెద్దలు, నడుమ గుస్సాడీలు, చుట్టూ ఆడవాళ్లు, పిల్లలు. తలుపు లేదు, తాళం లేదు, ఎవరినీ బయటికి నెట్టదు. కేస్లాపూర్ గోవాడ్ చూడండి. మెస్రం వంశమంతా ఆ గోడ లోపల 22 పొయ్యిల మీదే వండుకుంటది. ఎవరి పొయ్యి ఏదో ఎవరూ బోర్డు రాసి పెట్టలేదు. నాగోబా గుడిని కూడా వాళ్లే చందాలు పోగుచేసుకుని తిరిగి కట్టుకున్నారు, 2022 డిసెంబర్‌లో ప్రారంభమైంది. పైసలు మనవి అయితే నక్షా మీద మాట కూడా మనదే అయితది.

బస్తర్‌లో మన మురియా గోండు బంధువులకు ఘోటుల్ ఉండేది. అది యువతీ యువకుల ఇల్లు. ఊడ్చేది, అలికేది, కట్టుబాట్లు చూసేది అన్నీ వాళ్లే. 1947లో వెరియర్ ఎల్విన్ దాని మీద పెద్ద పుస్తకమే రాసిండు. తర్వాత వచ్చినవాళ్లు చానామంది ఫొటోలకే వచ్చిన్రు, అది వేరే ముచ్చట. మన ఆదిలాబాద్ వైపు ఘోటుల్ లేదు, దాన్ని తెచ్చి పెట్టమని నేను అంటలేను. ఊరి నడుమ యువతకంటూ, యువత చేతిలో ఉండే ఇల్లు ఆదివాసీలకు కొత్త కాదని మాత్రం అంటున్నా.

ఇంకొకాయన గురించి చెప్పాలె. ఫ్రాన్సిస్ కేరే. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో దేశం, గాండో అనే పల్లె. ఊరి పెద్ద కొడుకు. ఊర్లో బడి లేక ఏడేళ్లకే ఇల్లు విడిచిండు. తర్వాత బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూనే చందాలు పోగుచేసి సొంతూరికి బడి కట్టించిండు. 2001లో పూర్తయింది. ఊరోళ్లే మట్టి ఇటుకలు చేసిన్రు, నేల గట్టిపరిచిన్రు. రేకుల కప్పును మట్టి ఇటుకల కప్పు మీద ఆనించకుండా పైకి లేపి పెట్టిండు. నడుమ గాలి ఆడి వేడి పోతది. అదే రేకు! మన హాలు మీద ఉన్నది కూడా అదే. 2022లో ఆయనకు ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, ఆఫ్రికా నుంచి మొదటిసారి.

మట్టి, గడ్డి అంటే కొందరు పెద్దలకు కోపమొస్తది. "పట్నపోళ్లకు స్లాబులు, మాకు గుడిసెలా?" అంటారు. న్యాయమైన కోపమే. ఏటా గడ్డి కప్పే కష్టం వాళ్లకు తెలుసు, రిసార్టు వాళ్లకు తెల్వదు. నాకు సోకు గుడిసె వద్దు. స్లాబు కావాలంటే స్లాబే వేద్దాం, కానీ గాలి వచ్చేటట్టు, అరుగు ఉండేటట్టు, ఇండ్ల నుంచి కనపడేటట్టు, ఆడపిల్లలకు నీళ్లున్న మరుగుదొడ్డితో.

చట్టం ఏమంటది? అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(2) చదవండి. బడి, అంగన్‌వాడీ, కమ్యూనిటీ సెంటర్ లాంటి 13 రకాల పనులకు, ఒక్కోదానికి హెక్టారు కంటే తక్కువ అటవీ భూమి ఇయ్యొచ్చు. హెక్టారుకు 75 చెట్ల కంటే ఎక్కువ కొట్టొద్దు. గ్రామసభ సిఫారసు తప్పనిసరి. 2023 నవంబర్‌లో మొదలైన పీఎం జన్‌మన్‌లో కోలాం, తోటి లాంటి పీవీటీజీ గూడేలకు బహుళ ప్రయోజన కేంద్రాలు ఉన్నాయి. సిఫారసు చేసే రోజే నక్షా చూపించమని అడగాలె. చూపించకపోతే సంతకం పెట్టొద్దు.

ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు వినండి. బి.ఆర్క్ ఐదేళ్లు. విజయవాడ ఎస్పీఏకు జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ పేపర్ రాయాలె, అక్కడ ఎస్టీలకు 7.5 శాతం సీట్లు. హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూకు నాటా స్కోరు పనికొస్తది. బొమ్మలు రావని భయపడకండి, గోడ మీద మీ అమ్మ వేసిన గీతల కంటే కష్టమేం కాదు. ఫీజు కంటే కంప్యూటర్‌కు, షీట్లకు, మోడళ్లకు పెట్టే ఖర్చు భారం. దానికి ఐటీడీఏ ఏమిస్తదో ఇప్పుడే అడుగుదాం, సీటొచ్చినంక కాదు.

ఐదేళ్లు ఆగాల్సిన పని లేదు. వచ్చే గ్రామసభకు ముందు ఒక సాయంత్రం సున్నం, తాడు పట్టుకుని రండి. మీ హాలు ఎక్కడుండాలో, అరుగు ఎటు చూడాలో నేల మీద గీయండి. మొదటి గీత ఆడపిల్లలు గీయాలె. ఫొటో తీసి, దాన్నే తీర్మానానికి జతచేయండి.

జై సేవా.