ఆలకించిన పల్లెలు

(పడమటి నెల్లూరు బైబిలు స్త్రీల స్మారకోపన్యాసం)



ఈ పడమటి తాలూకాల్లో ఇంటింటికీ నడిచి వాక్యం చెప్పిన బైబిలు స్త్రీల పేరు మీద ఈ ఉపన్యాసం. మిషనరీ దొరలు వాకిట్లోనే ఆగిపోయిన ఇళ్లలో వీళ్లు గడప దాటి లోపలికి వెళ్లగలిగారు. అవతలి మనిషి బాధ వినకుండా ఆ ఇంట్లో కాసేపు కూర్చోవడం కుదరని పని. అందుకే వాళ్ల జ్ఞాపకార్థం ఈరోజు వినడం గురించి మాట్లాడతాను. అడగడం మనకు బాగా వచ్చు. వాన, ఉద్యోగం, బిడ్డ పెళ్లి, అన్నీ ప్రార్థనలో అడుగుతాం. ఆమేన్ అనగానే లేచిపోతాం. దేవుడు మాట్లాడితే ఆ మాట ఆయనదేనని మన ముందటివాళ్లు ఎలా తెలుసుకున్నారు? ఇక్కడి చరిత్రలోనే దానికి జవాబుంది.

1853లో అమెరికాలోని ఆల్బనీ నగరంలో బాప్టిస్టు మిషను పెద్దలు నెల్లూరు పని మూసేద్దామా అని చర్చించారు. అప్పటికి ఫలితం అంత తక్కువ. మూయలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద అయిదుగురు మోకరించారు. నెల్లూరు మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, నర్సు అనే తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని అడిగారు. వాళ్లు అడిగిన ఆ మనిషి, మిషనరీ క్లౌ దొర, అక్కడ కాపురం పెట్టేసరికి 1866 వచ్చింది. ఆ పన్నెండేళ్లూ కొండ మీద అడిగినవాళ్లకు కనిపెట్టడమే పని.

ఇంతలో అప్పటి నెల్లూరు జిల్లాలోనే, కనిగిరి వైపు తలకొండపాడులో, మరొకాయన వేరే దారిలో వినడం నేర్చుకుంటున్నాడు. ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. వీరమ్మ అనే గురువమ్మ దగ్గర రాజయోగం నేర్చుకుని కళ్లు మూసి ధ్యానంలో కూర్చునేవాడు. ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఈ కథ ఉంది. మౌనంగా కూర్చోవడం మనకు మిషను నేర్పిన విద్య కాదని చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు. 1866లో పేరయ్య, ఆయన భార్య బాప్తిస్మం పొందారు. మరుసటి జనవరిలో క్లౌ దొర తలకొండపాడు వస్తే, చుట్టుపక్కల పల్లెల జనం బియ్యం, బట్టలు మూటగట్టుకుని చింతతోపులో దిగారు. రోజుల తరబడి విన్నారు, అడిగారు, మళ్లీ విన్నారు. 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇక్కడే అసలు చిక్కు మొదలైంది. మాదిగలను చేర్చుకుంటే మేం రామని ఒంగోలులో పై కులాల వాళ్లు తెగేసి చెప్పారు. మిషను బడికి వాళ్ల పిల్లలే వచ్చేవారు. క్లౌ దొర తన గదిలోకి వెళ్లి ఒక కొత్త నిబంధన తీశాడు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయం తెరుచుకుంది. లోకం నీచులని తోసేసినవాళ్లను దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం అది. భార్యకు చెబుదామని వెళితే, ఆమె తన గదిలో అదే అధ్యాయం చదివి ఉంది. వేలు పడ్డ చోట వచనాన్ని శకునంలా పట్టుకోవడం నేను మెచ్చను. ఆ ఇంట్లో జరిగింది వేరు. ఇద్దరు విడివిడిగా విన్నారు, ఒకరికొకరు చెప్పుకున్నారు, తమకు నష్టం తెచ్చే మాటకు లోబడ్డారు. పై కులాల పిల్లలు బడి మానేశారు.

తరువాత 1876–78 కరువు వచ్చింది. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి చూపించాడు. బోధకులే మేస్త్రీలు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతూనే ఉన్నా, కరువు సహాయం అందుతున్నంతకాలం ఇవ్వనని ఏడాదికి పైగా ఆపేశాడు. అన్నం కోసం మతంలో కలిసిపోయారనే నింద ఆ పేదల మీద పడకూడదని ఆయన పట్టుదల. సహాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వినడంలో ఆగడం కూడా ఒక భాగమని ఆ ఏడాది నేర్పింది. ఆ ఉద్యమం కొనసాగుతుండగానే 1885లో ఉదయగిరి, 1893లో ఆత్మకూరు మిషను కేంద్రాలయ్యాయి.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పాఠాన్ని తెలుగు సంఘాలకు మళ్లీ చెప్పినవాళ్లు మన దేశంవాళ్లే. 1938లో బైబిలు మిషను మొదలుపెట్టిన ముంగమూరి దేవదాసు అయ్యగారు ప్రార్థనకు మెట్లు చెప్పారు. మనసును నిదానపరచుకోవడం, పాపాలు ఒప్పుకోవడం, మనవి, స్తుతి, ఆపైన ప్రభువు మాట కోసం కనిపెట్టడం. సన్నిధి కూటాలనే ప్రార్థన కూడికల్లో నిశ్శబ్దానికీ చోటిచ్చారు. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టిన భక్త్‌సింగ్, స్నేహితులతో పల్లావరం కొండ మీద రాత్రంతా ప్రార్థించిన తరువాత, 1941లో మద్రాసులో సంఘం మొదలుపెట్టారు. తరువాత హైదరాబాదు హెబ్రోను ఆయన కేంద్రమైంది. ఒంగోలు కొండ మీదిలాగే పల్లావరం కొండ మీదా ఎవరూ ఒంటరిగా వినలేదు.

ఇప్పుడు మన సంగతి. దేవుడు నాతో చెప్పాడు అనే మాట ఈ మధ్య చాలా చౌకైపోయింది. స్థలం కొనమన్నాడు, ఆ సంబంధం వద్దన్నాడు, కానుక ఇంత ఇమ్మన్నాడు. యూట్యూబులో అయితే గంటకొక స్వరం. ఆ మాట పడగానే ఇంట్లో ఆడపిల్ల నోరు మూతపడుతుంది, అప్పు పెరుగుతుంది. బాలుడైన సమూయేలు కథ ఆదివారపు బడి పిల్లలందరికీ తెలుసు. పిలిచిందెవరో ఆ పిల్లవాడికి తెలియలేదు, ముసలి ఏలీ చెప్పాడు. విన్న మాట ఆ ఏలీ ఇంటి మీద తీర్పు. అయినా దాచొద్దని అడిగినవాడు ఏలీనే. తన మీద పడే మాటను కూడా వినగల పెద్ద ఉన్నచోటే పిల్లవాడు నిజం చెప్పగలడు.

మన పూర్వులు మనకిచ్చిన తూకం ఇది: ఒకరికి వినిపించింది ఇంకొకరి ముందు నిలవాలి. అది విన్నవాడి జేబు నింపేదైతే మరింత అనుమానించాలి. కాలం గడిచినా నిలిచేదాకా ఆగాలి. పొలంలో, కూలి అడ్డాలో, బెంగళూరు బస్సెక్కే బిడ్డ విషయంలో కూడా ఇదే తూకం.

అందుకే ఒక మనవి. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంత సంఘాల్లో ఉపవాస ప్రార్థన ముగిశాక పది నిమిషాలు మైకు ఆపండి. భూమి, పెళ్లి, డబ్బు గురించి ఎవరైనా దేవుడు చెప్పాడంటే ఆ మాటను సంఘం ముందు పెట్టించండి. పెద్దలు తీర్పు చెప్పకముందే, వెనక చాప మీద కూర్చున్న విధవరాలిని అడగండి: అవ్వా, నీకేమనిపించింది? ఆమె కాదంటే ఆ పని ఆపండి.