బాలల స్థూలకాయము - హృద్రోగము

బిడ్డ బొద్దుగా నున్నచో మన యిండ్లలో అందరును మురిసిపోవుదురు. అమ్మమ్మ దిష్టి తీయును. సన్నని బిడ్డను చూచినప్పుడో, తల్లి సరిగా పెట్టుట లేదని గుసగుసలు బయలుదేరును. కరవులను, పసిమరణములను కన్నులార చూచిన తరములవారికి ఒంటిమీది కండయే ధైర్యము. ఆ భావమును మేము పరిహసింపము. కాని పదేండ్ల బాలుడు రెండంతస్తుల మెట్లెక్కి రొప్పుచుండగా, "ఎదిగినకొలది అదే తగ్గునులే" యని సరిపెట్టుకొనుట తగునా?

గుండెజబ్బు నడివయసున వచ్చునది గదా యని మన ధీమా. అమెరికాలో, లూయిజియానా రాష్ట్రమున బొగలూసా అను చిన్న పట్టణము కలదు. కాగితపు మిల్లుల ఊరు. అచ్చట పుట్టిన వైద్యుడు జెరాల్డ్ బెరెన్సన్ 1972లో ఆ యూరి పిల్లలను ఏండ్ల తరబడి పరీక్షించు పనికి పూనుకొనెను. నల్లవారి పిల్లలు, తెల్లవారి పిల్లలు అందరి బరువును, రక్తపుపోటును, రక్తములోని కొవ్వును కొలిచి వ్రాసియుంచిరి. 2 మొదలు 39 ఏండ్ల వయసులో, అధికముగా ప్రమాదములలో, అసువులు బాసిన 204 మంది శవపరీక్షల ఫలితములు 1998లో వెలువడినవి. పూర్వపు కొలతలు దొరకినవారిని పోల్చి చూడగా, అధికమైన బరువు, పోటు, కొవ్వు వంటి దోషములేవియు లేనివారి హృదయ ధమనుల లోపలి పొరపై కొవ్వు చారలు నూటికి 1.3 వంతులే యుండెను. మూడు నాలుగు దోషములు కూడినవారిలో అవి 11 వంతులు! గుండెనొప్పి అన్నమాటయే యెరుగని వయసున రోగము లోలోపల పాదుకొనుచున్నదన్న మాట.

ఇది విని భయపడుట యొకటే మిగిలినచో మేమీ ప్రసంగము చేయకపోదుము. బొగలూసాతోబాటు ఫిన్లండు, ఆస్ట్రేలియా మున్నగు చోట్ల జరిగిన నాలుగు పరిశోధనలను కలిపి 2011లో ఒక నివేదిక వెలువడినది. 6,328 మందిని సగటున 23 ఏండ్లు గమనించిరి. బాల్యపు లావు పెద్దతనమునను నిలిచిపోయినవారికి మధుమేహము, రక్తపుపోటు హెచ్చుగా సోకినవి. పెద్దయ్యేసరికి స్థూలకాయమును వదిలించుకొన్నవారికో, ఆ ముప్పు ఎన్నడును లావెరుగని వారితో దాదాపు సమానముగా నుండెను.

కాబట్టి పస్తులుంచి పిల్లవానిని చిక్కించవలెనని కాదు. ఎదుగు వయసు, పలువురి విషయమున బరువు పెరుగక నిలిచినచో చాలును, పొడవు తన పని తాను చేయును. సీసాల తీపి పానీయములకు బదులు మంచినీరు, మజ్జిగ. 5 మొదలు 17 ఏండ్లవారికి దినమునకు సగటున 60 నిమిషములు ఒళ్ళు వేడెక్కు ఆట కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. కబడ్డీయో, కోతికొమ్మచ్చియో, ఏదైనను సరే. కూర్చుండబెట్టి వినిపించు వృత్తిలోని మేము ఇట్లు చెప్పుట కొంత విడ్డూరమే!

ఒక్క బిడ్డకు మాత్రము వేరు పళ్ళెము పెట్టి, తక్కినవారు జంతికల డబ్బా ముందేసుకొని కూర్చున్నచో ఆ ప్రయత్నము నాలుగు దినములైనను సాగదు. మార్పు ఇంటిల్లిపాదికిని కావలెను. "బండోడా" యను వెక్కిరింత మొదట మానవలసినది ఇంటివారే. డాక్టరు నొద్దకు తీసికొని పోయినపుడు జ్వరముతోబాటు బిడ్డ రక్తపుపోటును కూడ చూడుడని అడుగుటకు మొగమాటపడవలదు.